కారు షెడ్డులో ర్యాకులు: కొలతలు, పొరపాట్లు, ఖర్చు

మాది హనుమకొండలో నయీంనగర్ వైపు ఇల్లు. కింద కారు షెడ్డు, ముందు రోలింగ్ షట్టర్. బాపు పరకాల దగ్గరి ఊరు వదిలి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన వెంట వ్యవసాయం సామాను కూడా వచ్చింది. దానికి తోడు ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్, పెయింట్ డబ్బాలు, పిల్లల పాత పుస్తకాలు, పండుగల సామాను. ఏడాది తిరగకముందే కారు బయట ఉండటం మొదలైంది. మార్చి 2025లో పని మొదలుపెట్టాను. ఏది కొనాలో తేల్చుకోవడానికే ఐదు నెలలు పట్టింది. అందులో నాలుగుసార్లు డబ్బు వృథా అయింది. ఇలాంటి షెడ్డు ఉన్నవాళ్లకు పనికొస్తుందని అన్నీ రాసిపెడుతున్నాను.

దశ 1: తూకం, కొలత (మార్చి)

ముందు సామానంతా బయటికి తీసి తూచాను. బాపు దగ్గర పత్తి తూచే కొక్కెం కాంట ఉంది. సంచిలో వేసి వేలాడదీస్తే చాలు. ఈ పనికి రెండు ఆదివారాలు పట్టింది, కానీ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ లెక్కే ఆధారం.

మొత్తం 612 కిలోలు. అందులో పోయినవి:

1. పాత సామాన్ల వాళ్లకు ఇనుము 52 కిలోలు (కిలో 26 రూపాయలు), పేపర్లు 34 కిలోలు (కిలో 10 రూపాయలు). వచ్చింది 1,692 రూపాయలు.
2. తిరిగి ఊరికి పంపినవి 118 కిలోలు: కాలిపోయిన బోరు మోటారు 48, యూరియా బస్తా 45, మిగతా చిల్లర 25.
3. ఎవరికీ పనికిరానివి 31 కిలోలు. చెత్త బండికి.

మిగిలింది 377 కిలోలు: టైల్స్ 112, పుస్తకాలు 90, వంట పాత్రలు, తాంబాళాలు 46, పెయింట్లు 41, చేతి పనిముట్లు 37, టార్పాలిన్ పట్టాలు 31, బట్టలు వగైరా 20.

యూరియా గురించి ఒక మాట. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బస్తా ఆనించి ఉంచిన చోట షట్టర్ గైడు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచింది. పురుగుమందు సీసాలు కూడా రెండు దొరికాయి. పిల్లలు తిరిగే ఇంట్లో వాటికి ఏ అరా సరైన చోటు కాదు. బాపు అదే రోజు ఊరికి తీసుకెళ్లి అక్కడి తాళం గదిలో పెట్టాడు.

షెడ్డు కొలతలు: పొడవు 18 అడుగులు, వెడల్పు 10 అడుగుల 6 అంగుళాలు, ఎత్తు 9 అడుగుల 6 అంగుళాలు. కారు పొడవు 152 అంగుళాలు, అద్దాలు మడిస్తే వెడల్పు 68 అంగుళాల పైచిలుకు. జూలై 2023 వానలకు నాలా పొంగి నీళ్లు లోపలికి వచ్చినప్పటి మరక గోడ మీద ఇంకా ఉంది. నేల నుంచి సరిగ్గా 7 అంగుళాలు.

దశ 2: అట్టపెట్టెల పరీక్ష (మార్చి చివర)

ఎడమ గోడ పొడవునా 18 అంగుళాల లోతు ర్యాకులు పెట్టాలన్నది నా మొదటి ఆలోచన. కొనకముందు ఆ గోడ పక్కన ఖాళీ అట్టపెట్టెలు అదే లోతుకు పేర్చి వారం రోజులు కారు లోపల పెట్టాం. ఖర్చు సున్నా.

లెక్క ఇలా వచ్చింది. షెడ్డు వెడల్పు 126 అంగుళాలు. కారు పోగా 57 మిగులుతాయి. ర్యాకుకు 18 పోతే 39. మా ఆయన డోరు తెరుచుకుని దిగడానికి 28 కావాలి. ఎడమవైపు మిగిలేది 11 అంగుళాలు. అందులో మనిషి పక్కకు తిరిగి నడవడమే కష్టం, ఇక పెట్టె బయటికి లాగే ప్రసక్తే లేదు. మూడో రోజే ఒక అట్టపెట్టె అద్దానికి తగిలి నలిగింది. అది ఇనుప ర్యాకు అయితే అద్దం పోయేది.

వెనక గోడ దగ్గర పరిస్థితి వేరు. పొడవు 216 అంగుళాల్లో కారు 152, ర్యాకు 18, షట్టర్ దగ్గర 6 వదిలితే మధ్యలో 40 అంగుళాలు మిగులుతాయి. ర్యాకులన్నీ వెనక గోడకే అని అప్పుడే తేలిపోయింది. ఎడమ గోడ మీద తెల్ల పెయింటుతో ఒక నిలువు గీత గీశాను. కారు అద్దం ఆ గీతకు రాగానే ఆపాలి.

దశ 3: ప్లాస్టిక్ ర్యాకు (ఏప్రిల్), పనికిరాలేదు

నాలుగు అరల ప్లాస్టిక్ ర్యాకు 2,650 రూపాయలకు కొన్నాను. తుప్పు పట్టదు, చెదలు రావు, పది నిమిషాల్లో బిగించవచ్చు. ఈ మూడూ నిజమే. కానీ ఒక్కో అర మీద 24 కిలోల పుస్తకాలు పెట్టాను. రెండు వారాల తర్వాత స్కేలు అడ్డం పెట్టి చూస్తే అర మధ్యలో 9 మిల్లీమీటర్లు కుంగింది. ఏప్రిల్ చివరికి 16. ఆ రోజుల్లో షట్టర్ మూసి ఉంటే మధ్యాహ్నం లోపల 43 డిగ్రీలు ఉండేది. ప్లాస్టిక్ బరువును ఒక్కరోజు మోయగలగడం వేరు, వేడిలో నెలల తరబడి మోయడం వేరు. పుస్తకాలు తీసేశాక కూడా అర మళ్లీ సాపు కాలేదు.

ఇప్పుడది వరండాలో చెప్పులకు వాడుతున్నాం.

ఇప్పటివరకు ఖర్చు: 2,650

దశ 4: గోడ చెక్క (మే), కూలిపోయింది

దీని గురించి ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరి తల మీదైనా పడి ఉండేది.

12 అంగుళాల వెడల్పు ప్లైవుడ్ చెక్క, కింద మూడు చోట్ల ఎల్ బ్రాకెట్లు, ఇలా రెండు చెక్కలు బిగించాను. బ్రాకెట్లు ఆరు (660), ప్లైవుడ్ ముక్కలు (900), స్క్రూలు, గోడ రంధ్రంలో స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గులు (120). కార్పెంటర్‌ను పిలవకుండా నేనే డ్రిల్లు పెట్టాను. పై చెక్క మీద పెయింట్ డబ్బాలు, తాంబాళాలు కలిపి 64 కిలోలు పెట్టాను. మూడో రోజు రాత్రి పెద్ద చప్పుడు. చెక్క ఒకవైపు ఊడి వేలాడుతోంది, సగం వాడిన 20 లీటర్ల డబ్బా పగిలి నేలంతా పెయింట్, బతుకమ్మ పేర్చే పెద్ద తాంబాళం అంచు వంగింది. కారు ఆ రోజు బయట ఉంది.

తెల్లవారి తమ్ముడు వచ్చి చూశాడు. వాడు కాజీపేట లోకో షెడ్డులో పని చేస్తాడు, బోల్టుల సంగతి వాడికి బాగా తెలుసు. "అక్కా, స్క్రూ తప్పు లేదు. నువ్వు పెట్టిన చోటే తప్పు" అన్నాడు. ఊడిన ప్లగ్గులు చేతిలో పట్టుకుని ఇద్దరం లెక్క వేశాం:

1. ప్లగ్గు పొడవు 30 మిల్లీమీటర్లు. గోడకు ప్లాస్టరింగ్ మందం 15. అంటే ఇటుకలోకి దిగింది 15 మాత్రమే.
2. మూడు బ్రాకెట్లలో నడిమిదాని రంధ్రం ఇటుకలో కాకుండా ఇటుకకూ ఇటుకకూ మధ్య సిమెంటు గీతలో పడింది. డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో (తిరుగుతూ సుత్తిలా కొట్టేలా) వేయడంతో రంధ్రం పెద్దదై ప్లగ్గు లోపలే తిరిగింది. బిగించేటప్పుడే స్క్రూ వదులుగా తిరుగుతుంటే నేను పట్టించుకోలేదు.
3. బరువంతా చెక్క ముందు అంచున ఉంది. గోడ నుంచి సుమారు 10 అంగుళాల దూరం. బ్రాకెట్ నిలువు కాలు 8 అంగుళాలే. 64 కిలోలను 10తో గుణించి 8తో భాగిస్తే 80. అంటే పై స్క్రూలను గోడలోంచి బయటికి లాగే బలం, పెట్టిన బరువు కంటే ఎక్కువ.

ఆ మూడో లెక్కతో గోడ చెక్కల ఆలోచన వదిలేశాను. బరువును గోడ కాదు, నేల మోయాలి. గోడ పని ర్యాకు ముందుకు పడకుండా పట్టుకోవడం వరకే.

ఈ దశ ఖర్చు 1,680. ఇప్పటివరకు: 4,330

దశ 5: ఇనుప ర్యాకులు (జూన్)

షాపుల్లో, ఆఫీసుల్లో కనిపించే రంధ్రాల యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప కాళ్లు) ర్యాకులే ఇవి. వరంగల్‌లో రెండు దుకాణాలు తిరిగి ధర అడిగాను. ఇద్దరూ ముందు ఎత్తు, అరల సంఖ్య చెప్పారు. గేజ్ నేను అడిగితే గానీ చెప్పలేదు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచన అవుతుంది. 14 గేజ్ సుమారు 2 మిల్లీమీటర్లు, 18 సుమారు 1.2, 20 సుమారు 0.9. యాంగిల్‌కు 14 గేజ్, అరకు 18 గేజ్ అని బిల్లు మీద రాయించుకోండి.

నేను తీసుకున్నది: ఎత్తు 7 అడుగులు, అర 36 × 18 అంగుళాలు, ఐదు అరలు. 20 గేజ్ అరలతో ఒక్కోటి 3,600 చెప్పారు, 18 గేజ్‌తో 4,150. మూడూ 18 గేజ్‌వే తీసుకున్నాను. మొత్తం 12,450, ట్రాలీ ఆటో 500.

ఇంటికి వచ్చాక తమ్ముడి వెర్నియర్‌తో కొలిస్తే యాంగిల్ 1.9, బాగానే ఉంది. అరలు మాత్రం 0.88, అది కూడా రంగుతో కలిపి. అంటే 20 గేజ్ వచ్చింది. ఒక అరను రెండు ఇటుకల మీద ఆనించి మధ్యలో రెండు టైల్స్ పెట్టెలు, 56 కిలోలు, పెట్టి చూశాం. 7 మిల్లీమీటర్లు కుంగింది. ఒక అర, బిల్లు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. లోడింగ్‌లో కలిసిపోయాయని చెప్పి 15 అరలూ మార్చి ఇచ్చారు. ఆటో ఖర్చు మరో 500 నాదే. కొత్త అర మీద అదే బరువుకు 4 మిల్లీమీటర్లు. దుకాణంలోనే కొలిచి ఉంటే ఒక ఆటో, ఒక పూట మిగిలేవి.

బిగించడంలో మొదటి ర్యాకు వంకరగా వచ్చింది. ఒక్కో అర పెట్టగానే నట్లు గట్టిగా బిగించేశాను. పైకి వచ్చేసరికి ర్యాకు 14 మిల్లీమీటర్లు పక్కకు ఒరిగింది. అన్నీ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాం. రెండోసారి చేసిన పద్ధతి:

1. నాలుగు కాళ్ల కింది 12 అంగుళాలకు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద రెండు కోట్లు ఎనామిల్. ఒక రోజు ఆరనివ్వాలి. (380)
2. కింది అర, పై అర మాత్రమే ముందు పెట్టాలి. నట్లు చేతితో తిప్పినంత వరకే.
3. మూలలకు త్రికోణం ప్లేట్లు వేయాలి. ఇవి లేకపోతే ర్యాకు ఊగుతుంది. కనీసం పైన నాలుగు, కింద నాలుగు.
4. వెనకవైపు మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండువైపులా కొలవాలి. మాకు మొదట ఒకవైపు 91 ముప్పావు, ఇంకోవైపు 91 దాటి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) వచ్చింది. ఐదు నూళ్ల తేడా. నిలబెట్టి నెడుతూ ఒక నూలు తేడాకు తెచ్చాక పానాతో బిగించాం.
5. మిగతా అరలు పెట్టాలి.
6. రసమట్టం పెట్టి చూడాలి. మా నేల షట్టర్ వైపు వాలు. ముందు కాళ్ల కింద 3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు పెట్టాల్సి వచ్చింది.
7. పై అర దగ్గర ఒక్కో ర్యాకుకు రెండు చోట్ల గోడకు పట్టించాలి. 10 × 80 నైలాన్ ప్లగ్గులు, ఒక్కోటి 35 (మొత్తం 210). ఈసారి ముందు ప్లాస్టరింగ్‌ను కొద్దిగా గీకి ఇటుక ఎక్కడుందో చూసి, హ్యామర్ ఆపి మామూలు డ్రిల్లింగ్‌తో వేశాం.

అరల ఎత్తులు నేల నుంచి 10, 28, 46, 64, 82 అంగుళాలు. కింది అరను 6 అంగుళాల దగ్గర పెడదాం, కింద ఖాళీ ఎందుకు అన్నాడు తమ్ముడు. బాపు గోడ మీది మరక చూపించి "తడి కింది నుంచే వస్తది బిడ్డా. ముందు దాన్ని దాటు" అన్నాడు. మరక 7 అంగుళాలు, మేము 10 పెట్టాం.

ఒక్కో అర మీద 60 కిలోలకు మించకూడదని నేను పెట్టుకున్న హద్దు. టైల్స్ నాలుగు పెట్టెలు (ఒక్కోటి 28) రెండు కింది అరల్లో రెండేసి. ఈ బరువు కిందే ఉంటే ర్యాకు కదలదు.

ఈ దశ ఖర్చు 14,040. ఇప్పటివరకు: 18,370

దశ 6: పెట్టెలు, క్రేట్లు (జూలై)

మూతలున్న పారదర్శకమైన పెట్టెలు ఆరు కొన్నాను, ఒక్కోటి 420, మొత్తం 2,520. వెడల్పు 11 అంగుళాలు. మూడు పెడితే 33, అర 36, సరిపోతాయి అనుకున్నాను. కానీ ముందు రెండు మూలల్లో యాంగిల్ 40 మిల్లీమీటర్ల చొప్పున అడ్డం వస్తుంది. అర 36 అయినా, ముందు నుంచి చేయి పెట్టే దారి 32 ముప్పావే. మూడు పెట్టెలూ లోపల పడతాయి, కానీ నడిమి పెట్టె తీస్తే తప్ప పక్కవి రావు. పెట్టెలు కొనేముందు అర కొలత కాదు, ఈ దారి కొలత చూడాలి.

ఆరింటిలో రెండు పెట్టెలు పగిలాయి. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్నవి, అంటే పాలీప్రొపిలీన్‌వి, కొంచెం వంగి మళ్లీ సర్దుకుంటున్నాయి. గాజులా తళతళలాడే రెండింటి మూతలు మాత్రం, మీద ఇంకో పెట్టె పెట్టిన వారానికే మూల నుంచి చీలాయి.

బరువైనవాటికి కూరగాయల మార్కెట్‌లో వాడిన ప్లాస్టిక్ క్రేట్లు ఎనిమిది తెచ్చాను, ఒక్కోటి 180, మొత్తం 1,440. కడిగి ఎండలో ఆరబెట్టాను. కొలత 21 × 14, ఎత్తు 11 ముప్పావు. రెండు పక్కపక్కన పెడితే 28, దారిలోంచి సులువుగా వస్తాయి. లోతు మాత్రం 3 అంగుళాలు అర దాటి ముందుకు వస్తుంది. దాంతో నడిచే చోటు 40 నుంచి 37కి తగ్గింది. బరువు క్రేటు తీయాలంటే కారు బయటికి తీయాల్సిందే. నాకది ఇబ్బంది కాలేదు, ఎందుకంటే టైల్స్, పెయింట్లు ఏడాదికి రెండుసార్లు కూడా తీయం. రోజూ వాడేవి క్రేట్లలో పెట్టుకునేవాళ్లు 24 అంగుళాల లోతు ర్యాకు చూసుకోవాలి.

జూలై మూడో వారంలో ఎలుకలు. ఒక మంచి పెట్టె మూలను కొరికి బొక్క చేశాయి. అందులో బాపు దాచిన మక్కజొన్న విత్తనాలు ఉన్నాయి. ప్లాస్టిక్ ఎంత మందంగా ఉన్నా లోపల తిండి వాసన ఉంటే ఆగవు. విత్తనాలకు మూత బిగించే స్టీలు డబ్బా 1,100. ఇప్పుడు షెడ్డులో తినే వస్తువు ఏది ఉన్నా స్టీల్లోనే.

ఈ దశ ఖర్చు 5,060. ఇప్పటివరకు: 23,430

దశ 7: మూల, బ్యాటరీ (ఆగస్టు)

మూడు ర్యాకులు 108 అంగుళాలు. వెనక గోడలో 18 అంగుళాల ఖాళీ మిగిలింది. గడ్డపార, పారలు, కొడవలి కట్టిన వెదురు, చీపుర్లు అక్కడే. 3 అంగుళాల పీవీసీ పైపును జానెడు ముక్కలుగా కోసి గోడకు క్లాంపులతో రెండు వరుసలుగా బిగించాను. గడ్డపార నేల మీదే నిలబడుతుంది, పైపు దాన్ని పక్కకు పడకుండా ఆపుతుంది. ఖర్చు 260.

ఇన్వర్టర్ బ్యాటరీని కింది అరలో పెట్టాలనుకున్నాను. పెట్టి చూస్తే మూతకూ పై అరకూ మధ్య ఒకటిన్నర అంగుళమే ఉంది. డిస్టిల్డ్ వాటర్ పోయడం కుదరదు. అసలు సమస్య అది కూడా కాదు. నీళ్లు పోసే బ్యాటరీ చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, దానికి నిప్పు తగిలితే పేలుతుంది. పక్క అరలోనే పెయింట్లు, థిన్నర్ ఉన్నాయి. అందుకే బ్యాటరీని షట్టర్ పక్కన, జాలీ కింద, ఇటుకలతో కట్టిన 10 అంగుళాల దిమ్మె మీద పెట్టించాను. పైన ఏ అరా లేదు. దిమ్మెకు 350.

ఈ దశ 610. మొత్తం: 24,040. పాత సామాను అమ్మిన 1,692 తీసేస్తే 22,348. ఇందులో వృథా: ప్లాస్టిక్ ర్యాకు 2,650, గోడ చెక్కలు 1,680, రెండో ఆటో 500, పగిలిన రెండు పెట్టెలు 840. కలిపి 5,670.

సెప్టెంబర్

బతుకమ్మకు తాంబాళాలు తీశాం. వంగినదాన్ని జూన్‌లోనే సాపు చేయించాను, అంచున చిన్న సొట్ట మిగిలింది. 46 అంగుళాల అర చేతికి సరిగ్గా అందుతుంది. పండుగ సామానుకు అదే ఖాయం చేశాను.

అక్టోబర్ 30

మొంథా తుపాను వానకు రాత్రి షెడ్డులోకి నీళ్లు వచ్చాయి. తెల్లవారి టేపు పెట్టి చూస్తే నాలుగున్నర అంగుళాలు. ఒక్క పెట్టె కూడా తడవలేదు. బ్యాటరీ పొడిగా ఉంది. కారును రాత్రే ఎత్తు మీదున్న వీధిలోకి తీసుకెళ్లాం. నీళ్లు పోయాక రెండు రోజులకు కాళ్లు పరిశీలించాను. మూడు కాళ్ల దగ్గర, నట్టు రంగును గీకిన చోట తుప్పు చుక్కలు కనిపించాయి. కింది నట్లు బిగించాక వాటి మీద కూడా ఇంకో కోటు వేయాల్సింది. ఇప్పుడు వేశాను. డబ్బాలో మిగిలిన పెయింటే సరిపోయింది.

పీవీసీ పైపుల్లో నిలబెట్టిన పారల చెక్క పిడులు నీళ్లు పీల్చుకుని ఉబ్బాయి. వాటిని ఇప్పుడు నేలకు తగలకుండా పైకి వేలాడదీసే కొక్కేలు చూస్తున్నాను.

జనవరి 2026

మేడారం జాతర ఈ నెలాఖరున. రెండేళ్లకోసారి తీసేవి కదా అని ఆ వంట సామానంతా ఒకే క్రేటులో వేసి 82 అంగుళాల పై అర మీద పెట్టాను. 23 కిలోలు. స్టూలు మీద నిలబడి దింపబోతే నా వల్ల కాలేదు. అర 6 అడుగుల 10 అంగుళాల ఎత్తున ఉంది, నా ఎత్తు 5 అడుగుల 2. మా ఆయన, తమ్ముడు ఇద్దరూ పట్టి దింపారు. బాపు కింద నిలబడి చూసి "ఏండ్లకు తీసేదని కాదు బిడ్డా, ఎవలు దించుతరని చూడాలె" అన్నాడు.

జాతర నుంచి వచ్చాక ఆ సామాను రెండు క్రేట్లుగా విడదీసి 64 అంగుళాల అరకు దింపుతాను. అక్కడున్న టార్పాలిన్ పట్టాలు పైకి. పట్టాలు నాలుగు, కలిపి 31 కిలోలు. కానీ ఒక్కొక్కటిగా తీయవచ్చు, ఒక్కోటి 8 కిలోలు కూడా లేదు.